దావా నడుస్తుండగా భూమిని కాపాడుకోవడం – 3వ పాఠం: షెడ్యూలు, స్టే

పోయిన పాఠంలో పహాణీలు (సాగు రికార్డులు), ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), పాస్‌బుక్కు నకళ్లు తీసి ఒక్క ఫైలులో పెట్టుకున్నాం. 1954–55 ఖాస్రా పహాణీ (అప్పటి భూమి రికార్డు) ఇంకా చేతికి రానివాళ్లు దాని కోసం తిరుగుతూనే ఈ పాఠం చదవండి, ఆగవద్దు.

‘కేసు ఏసినం, ఇగ వాడు అమ్మలేడు’ అని మన ఊళ్లలో ధీమాగా ఉంటారు. అమ్మగలడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 52 అమ్మకాన్ని ఆపదు. దావా దాఖలైన రోజు నుంచి ఆ భూమిని ఎవరు కొన్నా కోర్టు తీర్పుకు లోబడి కొన్నట్టే లెక్క. కేసు సంగతి నాకు తెల్వదని కొన్నవాడు చెప్పుకున్నా చెల్లదు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో మాదిరి దావా నోటీసు రిజిస్టరు చేయించాల్సిన పని కూడా తెలంగాణలో మనకు లేదు. మంచి రక్షణే. కానీ చిట్యాల దగ్గరో జడ్చర్ల దగ్గరో హైవే పక్క భూమి అనుకోండి, తీర్పు వచ్చేసరికి అది ప్లాట్లయి 40 మంది చేతుల్లో ఉంటుంది. గెలిచిన డిక్రీ (తీర్పు ఉత్తర్వు) పట్టుకుని వాళ్లందరి వెంట తిరగాలి.

అందుకే దావాతో పాటే స్టే పిటిషన్, అంటే తాత్కాలిక ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) కోరే దరఖాస్తు, వేయండి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో అది ఆర్డర్ 39, రూల్ 1, 2. కేసులో పైకి కనిపించే బలం ఉందా, స్టే ఇస్తే ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, డబ్బుతో పూడని నష్టం జరుగుతుందా అని జడ్జి చూస్తారు. చాలామంది ‘మా కబ్జాలోకి రావొద్దు’ అని మాత్రమే అడిగి ఊరుకుంటారు. అవతలివాడు భూమిలోకి అడుగు పెట్టకుండానే ఆఫీసులో కూర్చుని రిజిస్ట్రేషన్ చేసేస్తాడు. అమ్మొద్దు, తాకట్టు పెట్టొద్దు అన్నది విడిగా అడగాలి. హక్కు మీదనే గట్టి తగాదా ఉంటే ఉత్త ఇంజంక్షన్ దావా చాలదు, హక్కు ప్రకటన (భూమి మాదేనని కోర్టు తేల్చి చెప్పడం) కూడా కోరాలి. వరంగల్ స్థలాల కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ సంగతి విడమరిచి చెప్పింది.

ఇక ఈ పాఠానికి ప్రాణం షెడ్యూలు. ప్లెయింటు (దావా పత్రం) చివర భూమి వివరాలు రాసే ఆ అర పేజీ.

మా పెద్దనాయన దావాలో పాత దస్తావేజు చూసి ఉత్తరం హద్దు ‘బండ్ల బాట’ అని రాయించారు. అప్పటికే అది తారు రోడ్డు. సర్వే నంబరు 214/ఆ అని ఉండాల్సిన చోట 214 అని మాత్రమే పడింది. ‘214లో ఎనిమిది ఎకరాలుంది, వీళ్లడిగే 2 ఎకరాల 10 గుంటలు ఎక్కడివి?’ అన్నాడు అవతలి వకీలు. స్టే పిటిషన్ కొట్టేశారు. ప్లెయింటు సవరించుకునే లోపు 10 గుంటలు అమ్ముడుపోయాయి. కోర్టు మెట్ల మీద కూర్చుని ఆ ఒక్క అక్షరం లేని చోట వేలు పెట్టి చూస్తున్న మనిషి నాకిప్పటికీ కళ్ల ముందే ఉన్నాడు. సెక్షన్ 52 వర్తించాలన్నా, ఏ భూమి మీద తగాదానో దావాలో స్పష్టంగా ఉండాలి. బై నంబరు (214/ఆ లో ‘ఆ’ లాంటిది), గుంటలు, నాలుగు దిక్కుల హద్దులు ఈ రోజు మోకా మీద (భూమి దగ్గర) ఎట్లా ఉన్నాయో అట్లా రాయండి. పాత పేరు మారి ఉంటే ‘పూర్వపు బండ్ల బాట, ప్రస్తుతం తారు రోడ్డు’ అని రెండూ పెట్టండి.

అవతలివాళ్లను వినకుండానే స్టే వచ్చిందా, ఆ సంతోషంలో ఇంటికి వెళ్లిపోకండి. పిటిషన్, అఫిడవిట్, ప్లెయింటు, దస్తావేజుల నకళ్లు వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో వాళ్లకు పంపి, పంపినట్టు అదే రోజో మర్నాడో కోర్టులో అఫిడవిట్ వేయాలని అదే ఆర్డర్ 39లోని రూల్ 3 చెబుతుంది. ఇది తప్పితే ఆ స్టే మీద మొదటి దెబ్బ ఇక్కడే పడుతుంది. సర్టిఫైడ్ కాపీ ఒకటి వ్యవసాయ భూమైతే తహసీల్దారుకు, ప్లాటైతే సబ్ రిజిస్ట్రారుకు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. స్టే ఉండగా ఉల్లంఘిస్తే రూల్ 2ఏ కింద ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు ఉన్నాయి.

ఈ వారం పని: షెడ్యూలు నకలు పట్టుకుని పొద్దున్నే చేనుకు వెళ్లండి. నాలుగు మూలలా నిలబడి, కాగితంలో ఉన్నది కంటికి కనబడుతుందా చూడండి. హద్దు కడీలు (రాళ్లు) ఉన్నచోట, పక్క చేను గట్టు కూడా పడేలా తేదీతో ఫొటో తీయండి. తేడా ఉంటే పెన్సిల్‌తో అక్కడే రాసుకుని వకీలుకు చూపండి. కోర్టు పంపే అడ్వకేట్ కమిషనర్ కొలతకు వచ్చేటప్పుడు ఏం చేయాలో వచ్చే పాఠంలో చూద్దాం. అప్పుడు ఈ ఫొటోలే చేతికి కావాలి.