మన మట్టిలోంచి ఫోటోరాబ్డస్‌ను పట్టడం ఎలా

మట్టిలో ఉండే హెటెరోరాబ్డైటిస్ నులిపురుగు లద్దెపురుగును చంపుతుందని అంటుంటాం. నిజానికి చంపేది దాని పేగులో కాపురముండే ఫోటోరాబ్డస్ బ్యాక్టీరియా. లార్వా ఒంట్లోకి దూరగానే నులిపురుగు దాన్ని బయటికి వదులుతుంది, రెండు రోజుల్లో లార్వా చస్తుంది. ఈ జంట విడిపోకుండా పట్టుకోవడమే అసలు పని.

వానలు పడ్డాక, ఆగస్టు నుంచి నవంబరు లోపు మట్టి తీయండి. గుంటూరు నల్లరేగడిలో ఈ నులిపురుగులు సులువుగా కదల్లేవు. కొల్లిపర వైపు కృష్ణ ఒడ్డున ఇసుక కలిసిన నేలలు మేలు. అరటి, నిమ్మ తోటల నీడలో 15 సెం.మీ. లోతు వరకు నాలుగైదు చోట్ల తీసి కలపండి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో పెట్టారో, ఇంటికి చేరేలోపే చస్తాయి.

250 గ్రాముల మట్టిని మూతున్న డబ్బాలో పోయండి. పిడికిట పడితే ముద్ద కట్టాలి, వేలు తగిలితే విడిపోవాలి, తడి అంతే. ట్రైకోగ్రామా అనే మిత్రకీటకం కోసం పెంచే కార్సైరా (బియ్యపు చిమ్మట) లార్వాలు, బాగా ఎదిగినవి ఐదు ఎరగా వేసి, డబ్బా బోర్లించి 25–28 డిగ్రీల దగ్గర ఉంచండి. మూడో రోజు నుంచి రోజూ చూడండి.

చచ్చిన లార్వా ఇటుక రంగుకు తిరిగి, కుళ్లు వాసన లేకుండా ఉంటే దొరికినట్టే. ఒకటి రెండు రోజుల్లోపు చీకటి గదిలోకి తీసుకెళ్లి, కళ్లు అలవాటు పడేదాకా పది నిమిషాలు కూర్చోండి. ఒళ్లంతా పల్చగా వెలుగుతుంది. ఎంత చూసినా తనివి తీరని దృశ్యమది. గోధుమ రంగు వచ్చి వెలగకపోతే స్టైనెర్నెమా అనే మరో రకం నులిపురుగు కావచ్చు. దాని తోడు బ్యాక్టీరియా వేరు, జెనోరాబ్డస్. నల్లబడి కంపు కొడితే పారేయండి.

ఎర్రబడినదాన్ని కడిగి, పెట్రీ ప్లేటులో బోర్లించిన చిన్న మూత మీద తడి ఫిల్టర్ పేపరు పరిచి దాని మీద పెట్టండి. పేపరు అంచులు చుట్టూ పోసిన నీటిని తాకాలి. రెండు వారాల్లో పిల్లలు నీళ్లలోకి దిగుతాయి. శవాలు తినే మామూలు నులిపురుగులూ వస్తాయి కాబట్టి, ఈ నీటితో కొత్త లార్వాలను మళ్లీ చంపి, అదే ఎరుపు వస్తేనే నమ్మండి. 15 డిగ్రీల దగ్గర పల్చటి నీటిపొరలో దాచండి. లోతు నీళ్లలో ఊపిరాడదు.

బ్యాక్టీరియానే కావాలంటే, అప్పుడే చచ్చిన లార్వాను 70 శాతం ఆల్కహాల్‌లో ముంచి ఆరబెట్టి, కాలు తుంచి, వచ్చిన రక్తపు చుక్కను న్యూట్రియెంట్ అగార్ (బ్యాక్టీరియా పెంచే గడ్డకట్టిన ఆహారం) ప్లేటు మీద గీయండి. ప్లేటు నుంచి ప్లేటుకు పదేపదే మార్చొద్దు. అలా మారిస్తే రెండో రూపానికి జారుతుంది: వెలుగు తగ్గుతుంది, దాని మీద నులిపురుగులు సరిగా ఎదగవు. మొదటి ప్లేటు నుంచే గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టేయండి.