సిమ్యులేటర్‌పై ఎక్స్‌కవేటర్ – పాఠం 4: చదును చేయడం

గత పాఠంలో ఒక్కో లివర్‌నూ విడిగా కదిపి చూశాం. మరోసారి గుర్తుచేసుకుందాం. లివర్ల అమరికకు ఐఎస్‌ఓ, ఎస్‌ఏఈ అని రెండు పద్ధతులున్నాయి. ఐఎస్‌ఓ పద్ధతిలో ఎడమ లివర్‌ను పక్కలకు వంచితే క్యాబిన్ తిరుగుతుంది, ముందుకు తోస్తే ఆర్మ్ (బకెట్‌ను మోసే ముందు చేయి) చాచుకుంటుంది, వెనక్కి లాగితే దగ్గరికి వస్తుంది. కుడి లివర్‌ను వెనక్కి లాగితే బూమ్ (క్యాబిన్ దగ్గర మొదలయ్యే పెద్ద చేయి) లేస్తుంది, ముందుకు తోస్తే దిగుతుంది. ఎడమకు వంచితే బకెట్ ముడుచుకుంటుంది, కుడికి వంచితే తెరుచుకుంటుంది.

ఎస్‌ఏఈ పద్ధతిలో బూమ్, ఆర్మ్ కదలికలు చేతులు మారతాయి. అందుకే కూర్చున్న ప్రతిసారీ సెట్టింగులు చూసుకోండి. ఐఎస్‌ఓకు అలవాటుపడ్డ చేయి ఎస్‌ఏఈలో బూమ్ ఎత్తబోయి ఆర్మ్‌ను లాగేస్తుంది. తెర మీదైతే మళ్ళీ మొదలుపెట్టవచ్చు; అసలు యంత్రం ముందు ఆ క్షణంలో మనిషి నిలబడి ఉండవచ్చు.

ఈ రోజు నేర్చుకునేది చదును. గుంత తవ్వడం తొందరగానే పట్టుబడుతుంది. బకెట్ పళ్ళు నేలను ఒకే మట్టంలో గీరుకుంటూ రావడంలోనే చేతి నేర్పు తెలుస్తుంది.

బూమ్‌ను కదపకుండా ఆర్మ్‌ను పూర్తిగా చాచి, మెల్లగా లాగి చూడండి. బకెట్ కొన తిన్నగా రాదు, ఉయ్యాలలా వంపు తిరుగుతుంది. ఆర్మ్ దాదాపు నిలువుగా అయ్యేదాకా కిందికి దిగి, అది దాటాక పైకి లేస్తుంది. అంటే ముందు సగంలో పళ్ళు మట్టిలో దిగబడతాయి, తర్వాత గాలిలో తేలతాయి. దీన్ని సరిచేయవలసింది కుడిచేయి. మొదటి సగంలో ఆర్మ్ దగ్గరికి వస్తుండగా బూమ్‌ను కొద్దికొద్దిగా ఎత్తుతూ, నిలువుకు చేరేసరికి ఎత్తడం ఆపి, ఆపైన దించుతూ రండి. ఆర్మ్‌తో పాటు బకెట్ కూడా లోపలికి తిరిగిపోతుంటుంది కాబట్టి, అదే చేత్తో లివర్‌ను కుడికి రవ్వంత వంచి కోణం నిలబెట్టాలి. మూడు కదలికలూ ఒకేసారి జరగాలి. మొదట్లో నేల మెట్లుమెట్లుగా తేలుతుంది. లివర్‌ను ఆపి ఆపి కదిపిన చోటల్లా ఒక మెట్టు.

సిమ్యులేటర్ మేలు ఇక్కడే తెలుస్తుంది. రీప్లేను పక్కనుంచి చూడండి, క్యాబిన్‌లో కూర్చున్నవారికి ఎన్నటికీ దొరకని చూపు అది. పళ్ళు ఎక్కడ దిగబడ్డాయో చూసి, ఆ క్షణంలో కుడిచేయి ఏం చేస్తోందో వెతకండి.

గడియారాన్ని తెర మీద నుంచి తీసేయండి. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. స్కోరు కోసం వేగం పెంచినవారి చేతులు కుదుపులకు అలవాటుపడతాయి, తర్వాత ఆ అలవాటు మాన్పించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

ఒక లోటు మాత్రం గుర్తుంచుకోండి. 1929లో ఎడ్విన్ లింక్ విమాన చోదకుల శిక్షణ యంత్రాన్ని తయారుచేసినప్పుడు, వాళ్ళ కుటుంబ కర్మాగారంలోని ఆర్గాన్ వాద్యాల తిత్తులతో దాన్ని ఒరిగేలా చేశాడు. శరీరానికి కూడా తెలియాలన్నది ఆయన ఆలోచన. మీ సీటు కదలనిదైతే, బకెట్ రాయికి తగిలినా నడుముకు తెలియదు. కాబట్టి ఇంజిన్ శబ్దం పెంచుకుని, అది బరువెక్కే క్షణాన్ని చెవితో పట్టుకోండి.

వచ్చే పాఠానికి ముందు ఇరవై నిమిషాల చొప్పున మూడు రోజులు సాధన చేయండి. ముందు మట్టికి తగలకుండా గాలిలో, ఆ తర్వాత నేల మీద. మెట్లు లేకుండా వరుసగా ఐదుసార్లు లాగగలిగితే, పాఠం 5లో టిప్పర్ నింపడం మొదలుపెడదాం.