పాత ఫోన్‌లో ప్రాసెసర్ వోల్టేజ్ తగ్గించుకోవడం ఎలా?

గుంటూరులో మే నెల మధ్యాహ్నం హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ఫోన్ వెనకభాగం చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. బయటి ఎండకి లోపలి ప్రాసెసర్ వేడి తోడవుతుంది మరి. ఆ లోపలి వేడిని తగ్గించే దారి ఒకటుంది: వేగం అలాగే ఉంచి, ప్రాసెసర్‌కి ఇచ్చే వోల్టేజ్ తగ్గించడం. పని చేసేటప్పుడు ప్రాసెసర్ తినే పవర్ వోల్టేజ్ వర్గాన్ని (వోల్టేజ్‌ని వోల్టేజ్‌తోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. 1000 మిల్లీవోల్టులను 950 చేస్తే మనం తగ్గించింది 5 శాతమే, కానీ ఆ పవర్‌లో దాదాపు 10 శాతం ఆదా అవుతుంది. స్క్రీన్, సిగ్నల్ తినేది మాత్రం తగ్గదు. బ్యాటరీ ఉబ్బితే ముందు దాన్ని మార్పించండి, ఈ పని తర్వాత.

దీనికి బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అవగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి, రూట్ చేసి (అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకుని), వోల్టేజ్ మార్చనిచ్చే కస్టమ్ కెర్నల్ (ఫోన్ చిప్పులని నడిపే సిస్టమ్ మూలభాగానికి వేరేవాళ్లు మార్చి చేసిన రూపం) వేయాలి. అన్‌లాక్ చేయగానే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఫొటోలు ముందే కాపీ చేసుకోండి. బ్యాంకు, యూపీఐ యాప్‌లు మొరాయించవచ్చు కాబట్టి రోజూ డబ్బులు పంపే ఫోన్ జోలికి వెళ్లొద్దు. కొత్త స్నాప్‌డ్రాగన్ చిప్పు ఫోన్లలో చాలావాటికి ప్రాసెసర్ వోల్టేజ్ పట్టిక మన చేతికి అందదు, చిప్పే సొంతంగా సర్దుకుంటుంది. నేను చేసింది 2013 నాటి గూగుల్ ఫోన్ నెక్సస్ 5 మీద. ఇప్పుడది నాకు పాటలకీ హాట్‌స్పాట్‌కీ రెండో ఫోను.

కెర్నల్ అడ్యూటర్ లాంటి యాప్ తెరిస్తే వోల్టేజ్ పట్టిక కనిపిస్తుంది. నెక్సస్ 5లో 300 మెగాహెర్ట్జ్ నుంచి 2265 దాకా ప్రాసెసర్ వేగంలో ప్రతి మెట్టుకీ ఎదురుగా దాని వోల్టేజ్ అంకె ఉంటుంది. మొదట ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫోన్‌కి పంపుకోండి. తర్వాత అన్ని మెట్లకీ 25 మిల్లీవోల్టులు తగ్గించి ఒక పూట మామూలుగా వాడండి. బాగుంటే ఇంకో 25. ఒకే మోడల్ అయినా ఏ రెండు చిప్పులూ ఒకేలా ఉండవు. బలహీనమైన చిప్పు కూడా ఆగిపోకుండా కంపెనీ కొంత ఎక్కువే ఇస్తుంది, మనం కోసేది ఆ ఎక్కువనే. అందుకే పక్కవాడి అంకెలు మీ ఫోన్‌లో కొట్టొద్దు.

పరీక్ష రెండు రకాలుగా చేయాలి. పై మెట్ల కోసం ఎండవేళ ఫోన్ వేడెక్కి ఉన్నప్పుడు ఓ ఇరవై నిమిషాలు వీడియో తీయండి, లేదా బరువైన గేమ్ ఆడండి. దానంతటదే రీస్టార్ట్ అయితే పై మెట్లకి 25 తిరిగి ఇవ్వండి. కింది మెట్ల సంగతే చాలామంది మర్చిపోతారు. స్క్రీన్ ఆపి ఫోన్‌ని టేబుల్ మీద గంటసేపు వదిలేసి, వేరే నంబర్ నుంచి కాల్ చేయండి. రింగ్ అవ్వకుండా, పవర్ బటన్‌కీ పలక్కుండా నల్లగా ఉండిపోతే 300 మెట్టు దగ్గర కోత ఎక్కువైనట్టే. టెన్షన్ పడొద్దు. స్క్రీన్ ఆరిపోయి మళ్లీ మొదలయ్యేదాకా పవర్ బటన్ నొక్కి పట్టుకోండి, పాత వోల్టేజ్‌తోనే లేస్తుంది.

అలా లేవాలంటే 'అప్లై ఆన్ బూట్' టిక్ పెట్టి ఉండకూడదు. అది ముందే పెడితే ఫోన్ లేచిన ప్రతిసారీ ఆ చెడ్డ అంకెలే ఎక్కి మళ్లీ పడిపోతుంది. రెండు పరీక్షలూ నెగ్గాక, ఒక వారం ఏ ఇబ్బందీ లేకుండా నడిచాకే ఆ టిక్ పెట్టండి.