వేళ్ల సందుల్లోంచి జారే పిండి: మధ్యయుగపు ఇంగ్లండ్ తీపి వంటలు

మధ్యయుగపు ఇంగ్లండ్ వంటల రాతల్లో కొలతలు దాదాపు ఉండవు. ఎంత పిండి, ఎంతసేపు అని అడిగితే, పదార్థం చివరికి ఎలా ఉండాలో చెప్పి ఊరుకుంటాయి. రెండో రిచర్డ్ రాజు వంటవాళ్లు 1390 ప్రాంతంలో కూర్చిన ‘ఫార్మ్ ఆఫ్ క్యూరీ’ (ఈ క్యూరీకి మన కూరతో చుట్టరికం లేదు, అది వంట అనే అర్థమున్న పాత మాట), హార్లియన్ అనే రాతప్రతుల సేకరణలోని 1430 ప్రాంతపు 279వ ప్రతి రెండూ అదే తరహావి. తీగపాకమో ఉండపాకమో వేళ్ల మధ్య చూసి తేల్చే ఇళ్లలో పెరిగినవారికి ఇది కొత్త పద్ధతేమీ కాదు. ఇక్కడ ఇచ్చిన కొలతలు నా అందాజువే కనుక, వాటికన్నా పిండి తీరునే నమ్మండి.

మొదట క్రిస్పులు, అంటే పిండిని వేళ్ల సందుల్లోంచి ధారగా జార్చి వేయించే తీపి. 120 గ్రాముల మైదా, రెండు గుడ్ల తెల్లసొన, 120 మిల్లీలీటర్ల పాలు, చెంచాడు పంచదార, చిటికెడు ఉప్పు కలిపి గిలకొట్టి, జల్లెడలో వడగట్టాలి. వడగట్టమని హార్లియన్ ప్రతి కూడా చెబుతుంది. చిన్న ఉండ మిగిలినా ధార అక్కడే తెగుతుంది. పిండి జారుగా ఉండాలి, గట్టిగా ఉండకూడదు అన్నదే ఆ ప్రతి ఇచ్చే కొలత. గరిటెతో ఎత్తి పోసినప్పుడు చుక్కలుగా పడితే మరికాస్త పాలు, నీళ్లలా పరుగెత్తితే మరికాస్త మైదా కలపాలి.

అప్పట్లో పందికొవ్వులో వేయించేవారు. మనకు నూనె చాలు, వేడి 180 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. చేతిని పిండిలో ముంచి, మూకుడుకు జానెడు పైన పట్టి, వేళ్ల వెంట పిండిని జారనివ్వాలి. దారాలు నూనెను తాకగానే పొంగి, ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుంటాయి. అంచులు లేత బంగారు రంగుకు తిరగ్గానే తీసి నూనె ఓడ్చాలి. వేడి నూనె మీద చేయి పెట్టడానికి జంకేవారికి ‘ఫార్మ్ ఆఫ్ క్యూరీ’ చిల్లుల గరిటెను కూడా అనుమతించింది కనుక, మన బూందీ గరిటెను నిస్సంకోచంగా వాడవచ్చు. జిలేబీలా పాకంలో ముంచకూడదు, పైన పంచదార చల్లితే సరి.

రెండోది జింజర్‌బ్రెడ్; దీనికి ఓవెన్ అవసరం లేదు. 250 మిల్లీలీటర్ల తేనెను సన్న సెగ మీద కాచి, తేలిన నురగ తీసేసి, కుంకుమపువ్వు, అర చెంచా మిరియాల పొడి వేసి, ఎండు బ్రెడ్ పొడిని గుప్పెడు గుప్పెడుగా కలపాలి. సుమారు 200 గ్రాములు పడుతుంది. కత్తితో ముక్కలు కోయగలిగినంత గట్టిపడితే చాలు. నేను మొదటిసారి తేనెను అతిగా మరిగించడంతో అది రాయిలా బిగిసి, సుత్తి తీయవలసి వచ్చింది. పళ్లెంలో పరిచి దాల్చినచెక్క పొడి చల్లాలి. విచిత్రంగా హార్లియన్ ప్రతిలో అల్లం ఊసే లేదు. నేనైతే చెంచాడు శొంఠిపొడి వేస్తాను. లవంగాలతో బాక్స్ అనే పొద ఆకులు గుచ్చమని అందులో ఉంది గాని, ఆ ఆకు విషం, మానేయాలి.

జింజర్‌బ్రెడ్‌కు ఎరుపు కావాలంటే ‘సాండర్స్’ వేయమంటుంది ఆ ప్రతి. అంటే మన శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనమే. దాని కోసం ఇప్పుడు వెతకకండి, కుంకుమపువ్వు రంగు సరిపోతుంది.

ఇక ఆపిల్ ఫ్రిట్టర్లు సులువు. మైదా, గుడ్లు, ఏల్ బీరు, ఈస్ట్, కుంకుమపువ్వు, ఉప్పు కలిపి గంటసేపు పొంగనిచ్చి, చక్రాల్లా కోసిన ఆపిల్‌ను బజ్జీల్లా ముంచి వేయించాలి. బీరు వద్దనుకుంటే గోరువెచ్చని నీళ్లు చాలు. బాదంపాలతో వడ్డించడం నాటి పద్ధతి. పాలు విడిగా గిన్నెలో పెట్టండి, మీద పోస్తే కరకర పోతుంది.