హైపర్-వి క్లస్టర్ నేర్చుకుందాం – 4వ భాగం: వాల్యూములు ఎన్ని, ఏ వీఎం ఎక్కడ?

పోయిన భాగంలో డిస్కులను క్లస్టర్ షేర్డ్ వాల్యూములుగా (క్లస్టర్‌లోని సర్వర్లన్నీ ఒకేసారి వాడుకునే డిస్కు భాగాలుగా) మార్చాం కదా, ఇప్పుడు ఏ నోడ్‌లో (అంటే క్లస్టర్‌లోని ఏ సర్వర్లో) చూసినా సి డ్రైవ్‌లో క్లస్టర్‌స్టోరేజ్ ఫోల్డరు, దాని కింద వాల్యూమ్1, వాల్యూమ్2 కనిపిస్తాయి. వీఎంలు (హైపర్-వి మీద నడిచే వర్చువల్ మెషీన్లు) ఎక్కించకముందే ఆ ఫోల్డర్ల పేర్లు మార్చేయండి. వర్చువల్ డిస్కు ఏ ఫోల్డర్లో ఉందో వీఎం సెట్టింగుల్లో రాసి ఉంటుంది, తర్వాత మారిస్తే వీఎం లేవదు. ఫెయిలోవర్ క్లస్టర్ మేనేజర్‌లో 'క్లస్టర్ డిస్క్ 3' అని కనిపించే పేరు వేరు, అదీ విడిగా మార్చాలి.

ఇక ఎన్ని వాల్యూములు? అంతా కలిపి ఒక్కటే పెద్దది చేస్తే హాయి అనిపిస్తుంది, నేనైతే వద్దంటాను. ప్రతి వాల్యూముకీ ఒక కోఆర్డినేటర్ నోడ్ ఉంటుంది. మామూలు రీడ్, రైట్ ఆ వీఎం ఉన్న నోడ్ నుంచి నేరుగా స్టోరేజ్‌కి వెళ్తాయి గానీ, ఫైలు సృష్టించడం, డైనమిక్ డిస్కు (వాడేకొద్దీ సైజు పెరిగే వర్చువల్ డిస్కు) పెరగడం లాంటి మెటాడేటా (ఫైళ్ల గురించిన సమాచారం) మార్పులన్నీ నెట్‌వర్క్ మీదుగా కోఆర్డినేటర్ దగ్గరికే పోతాయి. వాల్యూము ఒక్కటే అయితే ఆ భారమంతా ఒకే నోడ్ మీద. అందుకే నోడ్‌కి కనీసం ఒకటి చొప్పున పెట్టండి. విండోస్ సర్వర్ 2012 ఆర్2 నుంచి క్లస్టరే వాటిని నోడ్ల మధ్య సమానంగా పంచేస్తుంది, ఆ టెన్షన్ మనకక్కర్లేదు.

ఇంకో కారణం ఇంతకంటే పెద్దది. వాల్యూము నిండిపోతే రాయడానికి చోటు దొరకని వీఎంలు పాజ్డ్-క్రిటికల్‌లోకి పోతాయి, అంటే ఆగిపోతాయి, అందులో మీ డేటాబేస్ కూడా ఉండొచ్చు. ఎవరో టెస్ట్ వీఎంకి చెక్‌పాయింట్ (వెనక్కి వెళ్లేందుకు ఆ క్షణపు స్థితిని దాచుకోవడం) తీసి మర్చిపోతే చాలు, అది పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి టెస్ట్ వీఎంలకు వేరే వాల్యూము. డొమైన్ కంట్రోలర్లు (నెట్‌వర్క్‌లో లాగిన్‌లు చూసే సర్వర్లు) రెండుంటే రెండూ ఒకే చోట పెట్టొద్దు.

ఫార్మాట్ సంగతి: శాన్ (నోడ్లన్నీ కలిసి వాడే విడి స్టోరేజ్ నెట్‌వర్క్) అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్, స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్ (నోడ్ల సొంత డిస్కులనే కలిపి వాడే పద్ధతి) అయితే రీఎఫ్‌ఎస్; ఈ రెండూ విండోస్ ఫైల్ సిస్టమ్‌లే. శాన్ మీద రీఎఫ్‌ఎస్ పెడితే ఐ/ఓ అంతా కోఆర్డినేటర్ మీదుగా తిరిగొస్తుంది.

ఈసారి అభ్యాసం: పవర్‌షెల్‌లో గెట్-క్లస్టర్‌షేర్డ్‌వాల్యూమ్‌స్టేట్ కొట్టండి. శాన్ మీది ఎన్‌టీఎఫ్‌ఎస్ వాల్యూములకు అన్ని నోడ్లలోనూ 'డైరెక్ట్' రావాలి. ఒక్క నోడ్‌లోనే 'బ్లాక్ రీడైరెక్టెడ్' (నేరుగా కాకుండా వేరే నోడ్ మీదుగా వెళ్తోందని అర్థం) వస్తే ముందు ఆ నోడ్ నుంచి స్టోరేజ్‌కి వెళ్లే కేబుళ్లు, మల్టీపాత్ (స్టోరేజ్‌కి ఒకటి కంటే ఎక్కువ దారులు ఉంచే ఏర్పాటు) చూడండి.