ఏసీ ఆగిపోయినప్పుడు – 5వ పాఠం: రీసెట్ నొక్కే ముందు

పోయినసారి నేను రాసిన ఒక్క వాక్యం వల్ల ఈ నెలంతా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "హెచ్‌పీ ట్రిప్ అయితే రీసెట్ నొక్కి మెషిన్ తీసుకుంటుందేమో చూడండి" అని రాశాను. హెచ్‌పీ అంటే హై ప్రెషర్: గ్యాస్ ప్రెషర్ హద్దు దాటితే మెషిన్‌ని ఆపేసే స్విచ్, అది ఆపడమే ట్రిప్. ఎన్నిసార్లు నొక్కాలో రాయలేదు. ఒక్కసారే నొక్కాలి. అదీ ఎందుకు ట్రిప్ అయిందో కారణం కనిపించి, దాన్ని సరిచేశాకే. ఆ మాట అప్పుడే రాయాల్సింది, తప్పు నాదే. ఈసారి చిల్లర్ గురించి చెబుదామనుకున్నాను, దాన్ని ఆపి జరిగినవాటి సంగతి చూద్దాం.

మన విశాఖపట్నం గాజువాకలో ఒక బట్టల షాపు. పండగ ముందు శనివారం సాయంత్రం, షాపు నిండా జనం. డక్టబుల్ యూనిట్ (డక్టుల్లోంచి చల్లగాలి పంపే పెద్ద ఏసీ) హెచ్‌పీ మీద ఆగింది. మన పాఠం చదివిన కుర్రాడు రీసెట్ నొక్కాడు. పది నిమిషాలు నడిచి మళ్లీ ఆగింది. మళ్లీ నొక్కాడు. అలా ఏడుసార్లు. ఎనిమిదోసారి కంప్రెసర్ ఉలకలేదు, పలకలేదు. వైండింగ్ (మోటార్ లోపలి తీగచుట్ట) చూస్తే మూడు టెర్మినల్స్ మధ్యా ఓపెన్, అంటే తీగ తెగినట్టు. "కాలిపోయింది మాస్టారూ, ఇప్పుడేటి చేయమంటారు?" అని ఫోన్. ఓనర్ అప్పటికే కొత్త కంప్రెసర్‌కి అడ్వాన్స్ ఇవ్వబోతున్నాడు.

రాత్రంతా దాన్ని ముట్టుకోవద్దన్నాను. పొద్దున్న చూస్తే మూడు వైండింగులూ సరిగ్గా ఉన్నాయి. కంప్రెసర్ లోపల ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ ఒకటి ఉంటుంది. బాగా వేడెక్కితే అది తెరుచుకుంటుంది, బాడీ చల్లారితే గానీ మూసుకోదు. అందుకు గంట పట్టొచ్చు, రెండు గంటలు కూడా పట్టొచ్చు. స్టార్ట్ చేసిన ప్రతిసారీ కంప్రెసర్ మామూలు కంటే ఐదారు రెట్లు ఆంప్స్ లాగుతుంది. ఏడు స్టార్టుల వేడి ఆ ఉక్కు డొప్పలోంచి అంత తొందరగా ఎలా పోతుంది? బాడీ మీద చేయి ఆనించగలిగేంత చల్లబడకుండా కంప్రెసర్ పోయిందని ఎవరికీ చెప్పకండి.

అసలు తప్పు ఫ్యాన్‌ది. ఆ అవుట్‌డోర్‌కి రెండు ఫ్యాన్లు. ఒక మోటార్ చచ్చిపోయింది, కానీ దాని రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. బాగున్న ఫ్యాన్ లోపలి గాలిని బయటికి నెడుతుంటే, చచ్చిన ఫ్యాన్ కన్నంలోంచి బయటి గాలి లోపలికి వస్తోంది. ఆ గాలికే రెక్కలు వెనక్కి, నెమ్మదిగా తిరుగుతున్నాయి. కుర్రాడు దూరం నుంచి చూసి రెండూ తిరుగుతున్నాయనుకున్నాడు. నా అలవాటు ఒకటి చెబుతాను: జేబులో ఎప్పుడూ పాత బిల్లు కాగితం ముక్క ఉంచుకుంటాను. ఫ్యాన్ జాలీ ముందు పట్టుకుంటే అది బయటికి ఎగరాలి. జాలీకి అతుక్కుపోయిందా, ఆ మోటార్ పని అయిపోయినట్టే.

హెచ్‌పీ ట్రిప్ అంటే వేడి బయటికి పోవడం లేదని మెషిన్ చెప్పడం. బయట 35 డిగ్రీలుంటే కండెన్సర్‌లో (అవుట్‌డోర్‌లో వేడి వదిలే కాయిల్‌లో) గ్యాస్ ఇంచుమించు 50 దగ్గర ద్రవం అవుతుంది. ఆర్-22 గ్యాస్ అయితే అప్పుడు గేజ్ 265 పీఎస్ఐ ప్రాంతంలో, ఆర్-410ఏ అయితే 430 ప్రాంతంలో ఉంటుంది. 410ఏ మెషిన్ 520 చూపిస్తోందంటే కాయిల్ మీదుగా చల్లగాలి పోవడం లేదు, లేదా ఎవరో గ్యాస్ ఎక్కువ నింపారు, లేదా లైన్‌లో గాలి ఉండిపోయింది. మన ఊళ్లో ఎక్కువ కేసులు మొదటి రకానివే.

బీచ్ రోడ్డు వైపు భవనాల్లో అవుట్‌డోర్ ఫిన్స్‌ని గోటితో నొక్కి చూడండి. ఉప్పుగాలి తిన్న అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. రాగి గొట్టం మీద ఫిన్ పట్టు వదిలేశాక ఎంత కడిగినా లాభం లేదు, కాయిల్ మార్చాల్సిందే. అంత దూరం రాకముందు నెలకోసారి మంచినీళ్లతో, తక్కువ ప్రెషర్‌తో, లోపలి నుంచి బయటికి కడిగితే చాలా ఏళ్లు కాపాడుకోవచ్చు. ద్వారకానగర్‌లో ఒక కాంప్లెక్స్ వెనక సందులో పదకొండు అవుట్‌డోర్లు ఒకదాని మీద ఒకటి బిగించారు. బయట 36 డిగ్రీలున్న రోజున పై వరస కాయిల్‌లోకి వెళ్లే గాలిని కొలిస్తే 51. కింది మెషిన్లు ఊదిన వేడినే పైవి పీల్చుకుంటున్నాయి. అక్కడ ఏ మెకానిక్ వచ్చినా గ్యాస్ తీయడం, వేయడం తప్ప ఎవరూ థర్మామీటర్ బయటికి తీయలేదు. మరోచోట పండగ ఫ్లెక్సీ ఊడి కండెన్సర్‌కి చుట్టుకుంది, అంతే.

ఎంవీపీ కాలనీ నుంచి ఇంకో కుర్రాడు హెచ్‌పీ స్విచ్ వైర్లు రెండూ కలిపి మెలిపెట్టి "సాయంత్రం దాకా నడిపించేశాను" అని సంతోషంగా చెప్పాడు. అతనికి అప్పుడే చెప్పాను, మీ అందరికీ ఇక్కడ చెబుతున్నాను: అలా చేసినవాడు ఆ మెషిన్ పక్కన నిలబడకూడదు, ఎవరినీ నిలబడనివ్వకూడదు. ఆ స్విచ్ లేకపోతే గొట్టం పగిలేదాకా ప్రెషర్ పెరగొచ్చు. ఆయిల్ కలిసిన గ్యాస్ పొగలా బయటికొస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. సర్వర్ రూమ్ ఆగిపోయినా, షాపు మూసేసినా సరే, ఆ పని చేయొద్దు.

మెయిన్ ఆఫ్ చేయడం, ట్యాగ్ కట్టడం, ఎవరి గది ముందు చూడాలో తేల్చడం మొదటి పాఠంలోనే ఉన్నాయి, మళ్లీ రాయను. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన టీకాల ఫ్రిజ్ గది, ఆ తర్వాత సర్వర్లు, ఆ తర్వాతే మేనేజర్ గారి క్యాబిన్.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టే మాట: "మూడు ఫేజులూ వస్తున్నాయి మాస్టారూ." దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

సిరిపురంలో ఒక ఆఫీసు. ప్యాకేజ్ యూనిట్ కాంటాక్టర్ (కంప్రెసర్‌కి కరెంటు కలిపే స్విచ్) ఎత్తడం లేదు. నాకంటే ముందొచ్చిన మెకానిక్ ఫ్యూజుల కింద మీటర్ పెట్టి చూశాడు. మూడు ఫేజుల్లో ఆర్ నుంచి న్యూట్రల్‌కి 232, వై నుంచి 231, బీ నుంచి 229. సప్లై ఓకే అని తేల్చేసి కాంటాక్టర్ కాయిల్ మార్చాడు. ఎత్తలేదు. కాంటాక్టర్ కాయిల్‌కి కరెంటు ఇచ్చే కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చాడు. అయినా ఎత్తలేదు. సాయంత్రం నేను వెళ్లేసరికి ఆఫీసు మొత్తం ఇంటికి పోయింది.

పోయింది బీ ఫేజ్ ఫ్యూజ్. మరి అక్కడ 229 ఎలా వచ్చింది? ఆ ప్యానెల్‌లో కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ వై, బీ ఫేజుల మధ్య, ఫ్యూజుల కింద ఉంది. దాని ప్రైమరీ అంటే ఒక పొడుగాటి రాగి తీగ. ఒక కొస వై దగ్గర, రెండో కొస బీ దగ్గర. బీ ఫ్యూజ్ పోయాక వై ఫేజే ఆ తీగలోంచి వచ్చి బీ కొస దగ్గర నిలబడింది. కరెంటు ప్రవహించడం లేదు కాబట్టి వోల్టేజ్ తగ్గలేదు. డిజిటల్ మీటర్ లాగే కరెంటు దాదాపు ఏమీ లేదు కాబట్టి అది కూడా పూర్తిగా చూపించింది. అంటే బీ దగ్గర అతను చూసింది వైనే. రెండు కొసల్లోనూ వైయే కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయలేదు, కాంటాక్టర్ ఎత్తలేదు. ప్యానెల్ మీద బీ ఫేజ్ ఇండికేటర్ బల్బు ఎప్పుడో పోయింది, ఎవరూ మార్చలేదు. అది బాగుండి ఉంటే మసకబారిన వెలుతురైనా అనుమానం పుట్టించేది.

ఫేజుల మధ్య చూస్తే? ఆర్–వై 400 దగ్గర. ఆర్–బీ కూడా 400 దగ్గరే, ఎందుకంటే బీ వేషంలో ఉన్నది వై కదా. ఇక్కడ ఆగిపోయినవాడు మళ్లీ మోసపోతాడు. వై–బీ చూస్తేనే దాదాపు సున్నా. అందుకే మూడు జతలూ చూడాలి. రెండు చూసి మూడోది అలాగే ఉంటుందిలే అనుకోకూడదు.

ఇంకో రకం ఇంతకంటే ప్రమాదం. త్రీ ఫేజ్ బ్లోవర్ మోటార్ నడుస్తుండగా ఒక ఫ్యూజ్ పోతే, మోటారు తానే ఆ మూడో ఫేజ్‌ని చాలావరకు పుట్టిస్తుంది. మూడు జతలూ ఇంచుమించు సరిగ్గానే కనిపిస్తాయి. అక్కడ వోల్టేజ్‌ని నమ్మొద్దు. టాంగ్ టెస్టర్ (వైర్ చుట్టూ పట్టించి ఆంప్స్ చూసే మీటర్) తీసి ఒక్కో వైర్‌కి విడిగా తగిలించండి. ఒక వైర్‌లో సున్నా, మిగతా రెండింటిలో మామూలు కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఆంప్స్ ఉంటే వెంటనే ఆపండి. ఒక ఫేజ్ పోతే మోటార్‌ని ఆపాల్సిన సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఆ భవనంలో ఎందుకు పనిచేయలేదో కూడా అప్పుడే చూడండి. చాలాచోట్ల దాన్ని ఎవరో బైపాస్ చేసి ఉంటారు.

అనుమానం తీరకపోతే మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజ్ బయటికి తీసి, కంటిన్యూటీ చూడండి. బీప్ వచ్చిందా లేదా, అంతే. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు మిగుల్చుకోబోయి ఆ మెకానిక్ ఒక పూట పోగొట్టాడు, రెండు పార్టులు దండగ చేశాడు.

నేను గేజ్ చివరికి గానీ పెట్టను. ముందు కాగితం, తర్వాత థర్మామీటర్, తర్వాత టాంగ్ టెస్టర్. గేజ్ తగిలించిన ప్రతిసారీ కాస్త గ్యాస్ పోతుంది. సక్షన్ పైపుకి (కంప్రెసర్‌లోకి చల్లటి గ్యాస్ తిరిగొచ్చే గొట్టానికి) చెమట పట్టింది కాబట్టి గ్యాస్ సరిపోయిందనే లెక్క మన ఊళ్లో చెల్లదు. ఈ తేమకి మంచినీళ్ల గ్లాసుకే చెమట పడుతుంది.

తుఫాను తర్వాతి సంగతి ఒకటి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు రాగానే కంప్రెసర్ ఆన్ చేసినవాళ్లు కొందరు దాన్ని పోగొట్టుకున్నారు. కంప్రెసర్ అడుగున ఆయిల్‌ని వెచ్చగా ఉంచే క్రాంక్‌కేస్ హీటర్ ఆరిపోయి ఉన్న రోజుల్లో గ్యాస్ వచ్చి ఆయిల్‌లో కలిసిపోతుంది. ఆన్ చేయగానే ఆ ఆయిల్ నురగలా లేచి పోతుంది, బేరింగులు ఎండిపోతాయి. ముందు హీటర్ మాత్రమే ఆన్ చేసి, మాన్యువల్‌లో 12 గంటలని ఉంటే 12, 24 అని ఉంటే 24 ఆగండి. ఓనర్ ఎంత టెన్షన్ పెట్టినా ఆగండి.

అభ్యాసం. మీ భవనంలో అన్నీ బాగా నడుస్తున్న రోజున, మధ్యాహ్నం రెండింటికొకసారి, తెల్లవారుజామున ఐదింటికొకసారి, ప్రతి అవుట్‌డోర్‌కీ మూడు ఫేజుల ఆంప్స్, మూడు జతల వోల్టేజ్, కాయిల్‌లోకి వెళ్లే గాలి, ఫ్యాన్‌లోంచి వచ్చే గాలి డిగ్రీలు తీయండి. వారం రోజులు. ప్యానెల్ తలుపు లోపలివైపు పర్మనెంట్ మార్కర్‌తో తేదీ వేసి రాయండి. ఇరవై మెషిన్లుంటే ఇరవైకీ. ప్యానెల్ తెరిచి కొలిచేటప్పుడు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పక్కన ఉండాలి.

రెండోది కాగితం మీద. సిరిపురం ప్యానెలే, కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే వై–బీ మధ్య. ఈసారి పోయింది ఆర్ ఫ్యూజ్. ఫ్యూజుల కింద న్యూట్రల్‌కి మూడు, జతలు మూడు, ఒక్కో ఫ్యూజ్ పైకీ కిందికీ మధ్య మూడు, మొత్తం తొమ్మిది రీడింగులు రాయండి. ఆ తర్వాత చెప్పండి: ఇప్పుడు కాంటాక్టర్ ఎత్తుతుందా, ఎత్తదా? ఎత్తితే కంప్రెసర్ ఏమవుతుంది?