థర్టీ-థర్టీ తూటా కేసులు డైలో ఇరుక్కోకుండా

పెన్సిల్వేనియాలో నవంబరు చివర జింకల వేట మొదలయ్యేలోపు పాత థర్టీ-థర్టీ వించెస్టర్ (ఒక రకం రైఫిల్ తూటా) కేసులను, అంటే పేలిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలను, మళ్లీ నింపి వాడుకోవడానికి డై అనే ఉక్కు అచ్చులో నొక్కి సైజు చేసుకునేవారికి పెద్ద చికాకు, ఒక్కో కేసుకూ జిడ్డు రాయడం. ఒక్కటి తప్పినా డైలో బిగుసుకుపోతుంది. ఇక ఆ పూట పని ఆగినట్టే.

మందుల దుకాణంలో దొరికే ద్రవ లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) 30 మిల్లీలీటర్లు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 360 మిల్లీలీటర్లు స్ప్రే సీసాలో పోసి బాగా కుదపండి. ఆల్కహాల్ కాస్త గోరువెచ్చగా ఉంటే త్వరగా కలుస్తుంది; సీసాను వేడినీటి గిన్నెలో పెడితే చాలు, పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. శుభ్రం చేసిన 50 కేసులను జిప్ సంచిలో వేసి, నాలుగుసార్లు ఈ స్ప్రే కొట్టి, అటూఇటూ దొర్లించండి. తర్వాత పళ్లెంలో పరిచి పది నిమిషాలు ఆరనివ్వండి. వేలికి సన్నని మైనపు పొరలా తగలాలి. సైజు చేశాక లోపలా బయటా జిడ్డు పూర్తిగా తుడిచేయాలి.

70 శాతం ఆల్కహాల్ వాడితే అందులోని నీటి వల్ల లానోలిన్ సరిగా కరగదు, అడుగున ముద్ద కడుతుంది. పొర అక్కడక్కడే అంటి, కేసు మళ్లీ ఇరుక్కుంటుంది.